మంజూరైన డబ్బు, మూసిన కార్యాలయం: అమెరికా షట్‌డౌన్లలో విశ్వవిద్యాలయ పరిశోధన



2013 అక్టోబరు 1వ తేదీన అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దాదాపు పూర్తిగా మూతపడింది. దాని ఉద్యోగుల్లో 98 శాతం మందిని జీతం లేని సెలవు మీద ఇంటికి పంపించారు. సంస్థ వెబ్‌సైటులో మూసివేత ప్రకటన ఒక్కటే మిగిలింది. ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో గణితం నుంచి ఖగోళశాస్త్రం వరకు మౌలిక పరిశోధనకు డబ్బు ఇచ్చే ప్రధాన సంస్థల్లో ఇది ఒకటి. అయినా అదే రోజు ఆ డబ్బుతో నడిచే ప్రయోగశాలలకు పరిశోధక విద్యార్థులు ఎప్పటిలాగే వచ్చారు, ప్రయోగాలు ఎప్పటిలాగే సాగాయి. ఇచ్చే చెయ్యి ఆగిపోయినా పుచ్చుకునే చెయ్యి పని చేస్తూనే ఉంది. ఇది ఎలా సాధ్యమైంది? ఎన్నాళ్లు సాధ్యం? ఈ ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. షట్‌డౌన్ అనగానే అమెరికా ఖజానా ఖాళీ అయిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పన్నులు వసూలవుతూనే ఉంటాయి, ఖజానాలో డబ్బు ఉంటుంది. లేనిది ఆ డబ్బును ఖర్చు చేసే అనుమతి. శాసనం ద్వారా చేసిన కేటాయింపు లేకుండా ఖజానా నుంచి డబ్బు తీయరాదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. మన రాజ్యాంగంలోనూ ఇలాంటి నిబంధన ఉందని మీరు పౌరశాస్త్రంలో చదివే ఉంటారు. 114వ అధికరణం ప్రకారం ద్రవ్య వినిమయ చట్టం లేకుండా భారత సంఘటిత నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయడానికి వీల్లేదు. మరి మన దేశంలో షట్‌డౌన్ ఎందుకు రాదు? ఒకటి, 116వ అధికరణం కింద ఓటాన్ అకౌంట్ తీసుకునే వెసులుబాటు ఉంది. రెండు, లోక్‌సభలో బడ్జెట్ నెగ్గించుకోలేని ప్రభుత్వం అధికారంలో నిలవదు. అమెరికాలో అధ్యక్షుణ్ణి ప్రజలు వేరుగా ఎన్నుకుంటారు, కాంగ్రెస్‌ను వేరుగా ఎన్నుకుంటారు. ఇద్దరికీ పొసగకపోయినా ఎవరూ దిగిపోనక్కర్లేదు. కాబట్టి ప్రతిష్టంభన ఎంతకాలమైనా సాగవచ్చు.

అయితే ఈ రాజ్యాంగం 1789 నుంచి అమల్లో ఉన్నా, ఇప్పుడు మనం చూస్తున్న రకం షట్‌డౌన్ వయసు యాభై ఏళ్లు కూడా లేదు. ఈ సంగతి గమనించదగినది.

కేటాయింపును మించి ఖర్చు చేసే అధికారులను అదుపు చేయడానికి అమెరికా కాంగ్రెస్ 19వ శతాబ్దంలోనే ఒక చట్టం చేసింది. యాంటీ డెఫిషియెన్సీ యాక్ట్ అనే ఈ చట్టం 1870లో మొదలై, 1884లోనూ 1905–06లోనూ గట్టిపడింది. తెలిసి ఉల్లంఘించిన ఉద్యోగికి జైలుశిక్ష కూడా పడవచ్చు. కానీ చాలాకాలం దీన్ని ఎవరూ అక్షరాలా పట్టించుకోలేదు. 1976 నుంచి 1979 వరకు ఆరుసార్లు బడ్జెట్ గడువు దాటిపోయింది. ఒక్కో విరామం 8 నుంచి 17 రోజుల దాకా ఉంది. ఆ రోజుల్లో అధికారులు ప్రయాణాలు, కొనుగోళ్లు తగ్గించుకుని కార్యాలయాలను నడిపించారు. కాంగ్రెస్ ఎలాగూ డబ్బు ఇస్తుంది, మూసేయమని దాని ఉద్దేశం కాదు కదా అన్నది వాళ్ల తర్కం. 1980 ఏప్రిల్‌లో అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వంలోని అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఈ తర్కాన్ని కొట్టేశారు. కేటాయింపు లేకపోతే శాఖ తలుపులు మూయాల్సిందేనని ఆయన అభిప్రాయం చెప్పారు. కొద్ది రోజులకే, మే 1న, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక రోజు మూతపడింది. 1981 జనవరిలో ఆయనే మరో అభిప్రాయంలో మినహాయింపులు వివరించారు. ప్రాణ రక్షణకు, ఆస్తి రక్షణకు సంబంధించిన పనులు సాగవచ్చు. విజ్ఞాన పరిశోధన అన్న మాట ఆ మినహాయింపుల్లో లేదు. ఈ లోటు ఎంత దూరం వెళ్లిందో కాసేపట్లో చూస్తాం.

గ్రాంటు ప్రయాణం

ఇప్పుడు విశ్వవిద్యాలయం వైపు వద్దాం. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశోధన ఎక్కువగా సొంత నిధులతో, రాష్ట్రాల సాయంతో, దాతృత్వ సంస్థల విరాళాలతో సాగేది. యుద్ధకాలంలో ప్రభుత్వం శాస్త్రవేత్తలందరినీ సైనిక ప్రయోగశాలల్లోకి లాక్కోకుండా, వాళ్లున్న చోటికే ఒప్పందాల రూపంలో డబ్బు పంపింది. ఆ ఏర్పాటుకు సారథి వానెవర్ బుష్ అనే ఇంజనీరు. 1945 జులైలో ఆయన అధ్యక్షుడు ట్రూమన్‌కు ఇచ్చిన నివేదిక శాంతికాలంలోనూ ఇదే పద్ధతి సాగాలని వాదించింది. అయిదేళ్ల వాదోపవాదాల తర్వాత 1950 మే నెలలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చట్టం మీద ట్రూమన్ సంతకం చేశారు. వైద్య పరిశోధనకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ అప్పటికే ఉంది.

ఇక్కడ ఒక చిన్న విషయం మన కథకు కీలకం. గ్రాంటును ప్రొఫెసర్ సంపాదిస్తారు, కానీ అది ప్రొఫెసర్ పేరున రాదు. విశ్వవిద్యాలయానికి వస్తుంది. పరిశోధక విద్యార్థికి జీతం ఇచ్చేది విశ్వవిద్యాలయమే తప్ప ప్రభుత్వం కాదు. గ్రాంటు మంజూరైన రోజున ప్రభుత్వం తన లెక్కల్లో ఆ మొత్తాన్ని విశ్వవిద్యాలయం పేరున కట్టుబాటుగా రాసుకుంటుంది. ఆ మేరకు అది పాత కేటాయింపులోని డబ్బు, కొత్త బడ్జెట్ కోసం ఎదురుచూడదు. ఆ తర్వాత చాలావరకు విశ్వవిద్యాలయం ముందు తన ఖాతా నుంచి జీతాలు, రసాయనాలు, పరికరాల బిల్లులు చెల్లిస్తుంది. పిదప ఫెడరల్ చెల్లింపుల వ్యవస్థలోకి వెళ్లి ఆ మొత్తాన్ని రాబట్టుకుంటుంది. బుష్ తరం వారు ఈ దూరాన్ని ఆశించింది విశ్వవిద్యాలయాల స్వేచ్ఛ కోసం. షట్‌డౌన్ అన్న మాట అప్పటికి లేదు. అనుకోకుండా అదే దూరం తర్వాతి కాలంలో ప్రయోగశాలలకు గొడుగు అయింది.

ఈ గొడుగుకు చిల్లులు లేకపోలేదు. 2013లో ఒకే ప్రొఫెసరు దగ్గర రెండు గ్రాంటులు ఉన్నాయనుకోండి, ఒకటి ఆరోగ్య సంస్థది, ఒకటి సైన్స్ ఫౌండేషన్‌ది. ఆరోగ్య శాఖ చెల్లింపుల వ్యవస్థ యంత్రం మీద నడుస్తూనే ఉంది. మనిషి జోక్యం అక్కర్లేని మామూలు చెల్లింపులను విశ్వవిద్యాలయం రాబట్టుకోగలిగింది. సైన్స్ ఫౌండేషన్ మాత్రం పని కొనసాగించుకోవచ్చు గానీ షట్‌డౌన్ ముగిసేదాకా చెల్లింపులు ఉండవని చెప్పింది. అంటే ఆ గ్రాంటు మీద పనిచేసే విద్యార్థి జీతం అన్ని రోజులూ విశ్వవిద్యాలయం జేబులోంచే వచ్చింది.

కార్యాలయంలో ఏం చేస్తారు?

ప్రతి అమెరికా పరిశోధక విశ్వవిద్యాలయంలోనూ బయటి నుంచి వచ్చే గ్రాంటులను చూసే ఒక కార్యాలయం ఉంటుంది. షట్‌డౌన్ నిర్వహణ అంతా అక్కడే. బయటికి కనబడని, పేపర్లకెక్కని ఉద్యోగం అది. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. 1970ల మధ్యదాకా జులై 1న మొదలయ్యేది. 1974 బడ్జెట్ చట్టం కాంగ్రెస్‌కు ఆలోచించుకునే వ్యవధి ఇద్దామని దాన్ని మూడు నెలలు వెనక్కి జరిపింది. ఆ వ్యవధి ఎంత సద్వినియోగమైందో మీరే చూస్తున్నారు. కాబట్టి సెప్టెంబరు వచ్చిందంటే ఆ కార్యాలయంలో హడావిడి మొదలవుతుంది.

ముందుగా అప్పటిదాకా అయిన ఖర్చులన్నింటినీ లెక్క కట్టి, వ్యవస్థ తెరిచి ఉండగానే రాబట్టుకుంటారు. ఆ తర్వాత గ్రాంటుల జాబితాను ముందేసుకుని కూర్చుంటారు. మొత్తం సొమ్ము మొదటి రోజే కట్టుబాటైన గ్రాంటు ఏది, ఏటేటా విడతగా వచ్చేది ఏది అని విడదీస్తారు. మొదటి రకానికి భయం తక్కువ. రెండో రకంలో విడత అక్టోబరులో రావాల్సి ఉంటే, పని చేస్తున్న ప్రయోగశాల కిందనుంచి నేల జారినట్లే. ఫెడరల్ శాఖలతో ఉన్న ఒప్పందాలది ఇంకో దారి. వాటికి పని ఆపమనే ఉత్తర్వు రావచ్చు, వస్తే ఆ రోజే ఆపాలి.

కొత్త గ్రాంటు ఖాయమైంది, ఉత్తరం మాత్రం చేతికి రాలేదు అన్న సందర్భం మరీ చిక్కు. ప్రధాన సంస్థల నిబంధనల ప్రకారం గ్రాంటు మొదలయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి విశ్వవిద్యాలయం తన పూచీ మీద ఖర్చు చేసుకోవచ్చు. ఆ పూచీ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. గ్రాంటు రాకపోతే ఆ డబ్బు పోయినట్లే. విభాగాధిపతి సంతకం పెట్టి, నష్టం వస్తే ఏ పద్దు నుంచి భరిస్తామో రాసి ఇస్తే తప్ప కార్యాలయం అలాంటి ఖాతా తెరవదు. పోస్ట్ డాక్టరల్ పరిశోధకుడిని చేర్చుకోవాలా, ఆగాలా అన్నది ఇలాంటి ఒక సంతకం మీద ఆధారపడి ఉంటుంది.

డబ్బు ఉన్నా పని ఆగే సందర్భాలు ఉన్నాయి. గ్రాంటులో ఏదైనా ముఖ్యమైన మార్పు చేయాలంటే సంస్థ అధికారి అనుమతి కావాలి. ఆయన సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్న ఉద్యోగి ఇంటి నుంచి స్వచ్ఛందంగా పనిచేద్దామనుకున్నా చట్టం ఒప్పుకోదు. జీతం తీసుకోకుండా చేసే సేవను కూడా, మినహాయింపులు తప్ప, ఆ పాత చట్టమే నిషేధిస్తోంది. వాతావరణ శాఖ శాస్త్రవేత్తతో కలిసి ఒక వ్యాసం రాస్తున్న విశ్వవిద్యాలయ అధ్యాపకుడి ఉత్తరానికి, రెండు వాక్యాల ఉత్తరమైనా సరే, ఆ రోజుల్లో జవాబు రాకూడదు. ఉమ్మడిగా వాడే ఫెడరల్ ప్రయోగశాల తలుపు తెరుచుకోదు.

కొత్త పరిశోధనల సంగతి సరేసరి. 2013 అక్టోబరులో ఆరోగ్య సంస్థలు 200కు పైగా సమీక్షా సమావేశాలను రద్దు చేయాల్సి వచ్చింది. 11,000కు పైగా దరఖాస్తులు ఆ సమావేశాల కోసం సిద్ధంగా ఉన్నాయి. తర్వాత తేదీలు మార్చి చాలావాటిని మళ్లీ జరిపారు. కానీ ఒక దరఖాస్తు మీదే మరుసటి ఏడాది జీతాలు ఆధారపడిన చిన్న ప్రయోగశాలకు కొన్ని వారాల ఆలస్యం తక్కువ కాదు.

కాలం తిరిగి రాదు

డబ్బు ఆలస్యమైనా తర్వాత అందుతుంది. కాలం అలా కాదు. షట్‌డౌన్ పరిశోధనకు చేసే అసలు నష్టం ఇదే అని నా అభిప్రాయం. జాతీయ రేడియో ఖగోళ వేధశాలను నడిపేది విశ్వవిద్యాలయాల చొరవతో ఏర్పడిన ఒక లాభాపేక్ష లేని సంస్థ. అది సైన్స్ ఫౌండేషన్ డబ్బు మీద ఆధారపడుతుంది. మిగిలిన సొమ్ము నాలుగు రోజులకు మించి సాగలేదు. 2013 అక్టోబరు 4న న్యూ మెక్సికోలోని భారీ దూరదర్శినుల వరుస, వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ దూరదర్శిని పరిశీలనలు ఆపేశాయి. అంటార్కిటికాలో అప్పుడే వేసవి కాలపు పని మొదలవబోతోంది. అక్టోబరు 8న ఫౌండేషన్ అక్కడి మూడు అమెరికా స్థావరాలనూ కేవలం కాపలా స్థితికి తెస్తామని ప్రకటించింది. దక్షిణ ధ్రువంలో పరిశోధనకు అనువైన నెలలు ఏడాదికి నాలుగైదే. అక్టోబరు 17న ప్రభుత్వం తెరుచుకున్నా, జారిపోయిన విమానాల వరుసను, సామగ్రి రవాణాను వెంటనే సరిచేయలేకపోయారు. కొన్ని బృందాల పని ఆ ఏడాదికి వాయిదా పడింది.

మన శ్రీహరికోటకు కూడా ఈ కథలో ఒక పాత్ర ఉంది. ఆ రోజుల్లో రెండు నౌకలు అంగారకుడి ప్రయాణానికి సిద్ధమవుతున్నాయి. ఒకటి శ్రీహరికోటలోని మన మంగళయాన్. రెండోది ఫ్లోరిడాలోని మావెన్. మావెన్‌కు నాయకత్వం వహించింది కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ జకోస్కీ. భూమి, అంగారకుడు అనుకూలమైన స్థానాల్లోకి వచ్చేది సుమారు 26 నెలలకొకసారి. మావెన్ ప్రయోగానికి నవంబరు 18 నుంచి కొద్ది వారాల వ్యవధే ఉంది. అది దాటితే 2016 దాకా ఆగాలి. అక్టోబరు 1న షట్‌డౌన్‌తో దాని సన్నాహాలు ఆగిపోయాయి. రెండు రోజుల తర్వాత, 3వ తేదీన, మినహాయింపు దొరికి పని మళ్లీ మొదలైంది. ఏ కారణంతో దొరికిందో గమనించండి. అంగారకుడి వాతావరణాన్ని అధ్యయనం చేయాలన్న శాస్త్ర ప్రయోజనం చూపి కాదు. అప్పటికే అంగారకుడి నేల మీద తిరుగుతున్న క్యూరియాసిటీ, ఆపర్చ్యూనిటీ రోవర్ల సందేశాలను భూమికి చేరవేయడానికి మావెన్ అవసరమన్న కారణంతో. అంటే ఆస్తి రక్షణ! 1981 నాటి న్యాయాభిప్రాయంలోని ఆ రెండు మాటలు ఒక దశాబ్దపు పరిశోధనను కాపాడాయి.

మంగళయాన్‌తో సంబంధాలు నడపడానికి నాసా లోతు అంతరిక్ష కేంద్రాల సాయం కావాలి. ఆ వలయాన్ని నిర్వహించే జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆధ్వర్యంలోనిది. షట్‌డౌన్ వల్ల మంగళయాన్ కార్యక్రమానికి ఆటంకం ఉండదని అమెరికా వైపు నుంచి హామీ వచ్చినట్లు ఇస్రో అక్టోబరు 5న ప్రకటించింది. నవంబరు 5న మంగళయాన్, 18న మావెన్ బయలుదేరాయి. 2014 సెప్టెంబరులో రెండు మూడు రోజుల తేడాతో రెండూ గమ్యం చేరాయి.

2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు సాగిన షట్‌డౌన్‌లో బొమ్మ మారింది. ఆరోగ్య సంస్థల బడ్జెట్ ముందే ఆమోదం పొందింది కాబట్టి వైద్య పరిశోధన నడిచింది. సైన్స్ ఫౌండేషన్, నాసా, వాతావరణ, వ్యవసాయ పరిశోధన విభాగాలు మూతపడ్డాయి. అప్పుడు ఒక వింత బయటపడింది. ఫౌండేషన్ ఇచ్చే పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్పు విశ్వవిద్యాలయాల ద్వారా అందుతుంది. వాళ్ల జీతాలు ఆగలేదు. కొందరు పోస్ట్ డాక్టరల్ ఫెలోలకు ఫౌండేషన్ నేరుగా చెల్లిస్తుంది. మధ్యలో విశ్వవిద్యాలయం లేని పాపానికి వాళ్లు ఇంటి అద్దెకు వెతుక్కోవాల్సి వచ్చింది. మధ్యవర్తి ఉంటే డబ్బు ఆలస్యమవుతుందని మనం సాధారణంగా అనుకుంటాం కదా!

అయితే ఆ మధ్యవర్తి బలం అన్నిచోట్లా ఒకటి కాదు. వందల కోట్ల డాలర్ల శాశ్వత నిధి ఉన్న విశ్వవిద్యాలయం రెండు నెలల జీతాలు అప్పుగా ఇచ్చి నిశ్చింతగా ఉండగలదు. పెద్ద విశ్వవిద్యాలయం కింద ఉపగ్రాంటు తీసుకుని ఇద్దరు విద్యార్థులతో పనిచేసే చిన్న కళాశాలకు ఒక నెల చెల్లింపు ఆగినా కష్టమే. నిబంధనలు ఇద్దరికీ ఒక్కటే, పెట్టెలో ఉన్న డబ్బు ఒక్కటి కాదు.

మీలో అమెరికా చదువు ఆలోచిస్తున్నవారు ఉంటారు. 2023–24లో అక్కడి విదేశీ విద్యార్థుల్లో భారతీయులే మొదటి స్థానంలో ఉన్నారు. సంఖ్య 3,31,000 పైచిలుకు. వారిలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. మీకు పరిశోధన సహాయకుడి ఉద్యోగం వస్తే, మీ జీతం ఏ గ్రాంటు నుంచి వస్తుందో, అది ఎప్పుడు ముగుస్తుందో అడగడానికి మొహమాటపడకండి. మీ ప్రొఫెసరు తప్పుగా అనుకోరు. ఇంకొక మెలిక కూడా ఉంది. విశ్వవిద్యాలయం ఒక విదేశీయుణ్ణి హెచ్-1బి వీసా మీద పరిశోధకుడిగా తీసుకోవాలంటే ముందు కార్మిక శాఖ నుంచి ఒక ధ్రువీకరణ కావాలి. 2013లోనూ 2025లోనూ షట్‌డౌన్ మొదలవగానే ఆ శాఖ ఈ దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. వీసా దరఖాస్తును పరిశీలించే శాఖ మాత్రం రుసుముల మీద నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది. మొదటి కాగితం రానిదే రెండో కిటికీ దగ్గరికి వెళ్లలేరు.

మన దగ్గర తలుపులు మూయరు గానీ, ఫెలోషిప్పు సొమ్ము నెలల తరబడి రాకపోవడం ఎరగని పరిశోధక విద్యార్థి అరుదు. అక్కడ తేదీ చెప్పి ఆగుతుంది, ఇక్కడ చెప్పకుండా ఆగుతుంది. రెండిట్లో ఏది నయమో మీరు తరగతిలో వాదించుకోవచ్చు.

2019 జనవరి 16న, 35 రోజుల షట్‌డౌన్ మధ్యలోనే, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. షట్‌డౌన్ ముగిశాక ఫెడరల్ ఉద్యోగులందరికీ ఆగిన జీతం చెల్లించాలని అది హామీ ఇచ్చింది. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫెడరల్ ఉద్యోగులు కారు. వారి పేరు అందులో లేదు. 2025 అక్టోబరు 1న మొదలైన షట్‌డౌన్ 43 రోజులతో పాత రికార్డును దాటింది. ఈసారి ఆరోగ్య సంస్థలు, సైన్స్ ఫౌండేషన్ రెండూ అందులో ఉన్నాయి. మళ్లీ సమీక్షా సమావేశాలు వాయిదా పడ్డాయి. నవంబరు 12 రాత్రి దాన్ని ముగించిన చట్టం కొన్ని శాఖలకు ఏడాదంతటికీ బడ్జెట్ ఇచ్చింది. పరిశోధనకు డబ్బిచ్చే ప్రధాన సంస్థలతో సహా మిగతావాటికి 2026 జనవరి 30 వరకే అనుమతి ఇచ్చింది. విశ్వవిద్యాలయాల గ్రాంటు కార్యాలయాల వాళ్లు ఆగిన చెల్లింపులు రాబట్టుకుంటూనే, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీసుకోవాల్సి వచ్చింది.